బైపీసీ పిల్లలకు గణితం నేర్పండి, వద్దనకండి: ఉన్నత విద్యామండళ్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు, సభ్యులకు, సిలబస్ కమిటీల్లోని ఆచార్యులకు,

నమస్కారం.

నేను డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తాను. బీఎస్సీ చెప్పేవాళ్లలో మా కెమిస్ట్రీ వాళ్లది కొంచెం ప్రత్యేకమైన స్థానం. గణితం చెప్పేవారి తరగతిలో ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లే ఉంటారు. వృక్షశాస్త్రం చెప్పేవారి తరగతిలో బైపీసీ నుంచి వచ్చినవాళ్లే ఉంటారు. మేము మాత్రం పొద్దున ఒక గదిలో వీళ్లకు చెప్పిన పాఠాన్నే మధ్యాహ్నం ఇంకో గదిలో వాళ్లకు చెబుతాం. మూడు సబ్జెక్టుల పద్ధతిలో ఎంపీసీకీ బీజెడ్‌సీకీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కలిసిన గ్రూపు) కెమిస్ట్రీ సిలబస్ ఒకటే. ఏళ్ల తరబడి ఆ రెండు గదుల్లోనూ పాఠం చెప్పిన అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెబుతాను. ఇంటర్లో గణితం చదవలేదన్న ఒక్క కారణంతో బీఎస్సీలో భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం, డేటా సైన్స్ వంటి కోర్సులకు బైపీసీ విద్యార్థులను దూరంగా ఉంచుతున్న నిబంధనను తొలగించండి. తొలగించి చేతులు దులుపుకోకుండా, మొదటి సెమిస్టర్‌లోనే వాళ్లకు గణితం నేర్పే కోర్సు పెట్టండి. దానికి క్రెడిట్లు ఉండాలి, టైంటేబుల్లో గంటలు ఉండాలి, ఎదురుగా నిలబడి చెప్పే అధ్యాపకులు ఉండాలి. జీవశాస్త్రాల్లోకి రావాలనుకునే ఎంపీసీ విద్యార్థులకూ ఇదే ఏర్పాటు చేయండి.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మా ల్యాబ్‌లోకి రావాలి. మిథైల్ ఎసిటేట్ జలవిశ్లేషణ అని డిగ్రీలో అందరూ చేసే ప్రయోగం ఒకటుంది. ఆమ్లం సమక్షంలో ఎస్టర్ నెమ్మదిగా విడిపోతుంటుంది. నిర్ణీత వ్యవధుల్లో పిపెట్‌తో కొంచెం ద్రావణం తీసి, చల్లటి నీళ్లలో వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేయాలి. చివర్లో, చర్య పూర్తిగా అయిపోయాక ఒక రీడింగు తీసుకోవాలి. ఆ చివరి రీడింగులోంచి ఒక్కొక్క రీడింగును తీసేసి, వచ్చినదానికి లాగరిథమ్ చూసి, కాలానికి ఎదురుగా గ్రాఫు గీయాలి. సరళరేఖ వస్తుంది. దాని వాలును, రుణ గుర్తు తీసేసి, 2.303తో గుణిస్తే చర్య వేగ స్థిరాంకం వస్తుంది.

బీజెడ్‌సీ విద్యార్థులు ఈ ప్రయోగం చేసేటప్పుడు చూడండి. బ్యూరెట్టు పట్టుకునే తీరులో, రంగు మారే క్షణాన్ని కనిపెట్టడంలో, రికార్డు శుభ్రంగా రాయడంలో వాళ్లకు వంక పెట్టలేం. చాలాసార్లు ఎంపీసీ వాళ్లకంటే వీళ్ల చేతికే నిలకడ ఎక్కువ. గ్రాఫు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ మారుతుంది. చుక్కలన్నీ సరిగ్గానే పెడతారు. ఆ తర్వాత ఒక చుక్క నుంచి పక్క చుక్కకు, అక్కడి నుంచి ఇంకో చుక్కకు స్కేలు పెట్టి కలుపుతూ పోతారు. మెట్లు మెట్లుగా వంకర గీత వస్తుంది. చుక్కల మధ్య నుంచి పోయే ఒకే ఒక రేఖ ఉంటుందనీ, కొన్ని చుక్కలు దానికి అటూ ఇటూ ఉంటే తప్పు కాదనీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ 2.303 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, ఫార్ములాలో ఉంది మేడమ్ అంటారు. సహజ లాగరిథమ్‌ను 10 ఆధారంగా ఉన్న లాగరిథమ్‌లోకి మార్చే సంఖ్య అది అని పక్క గదిలోని ఎంపీసీ విద్యార్థికి తెలుసు. వీళ్లకు మాత్రం అది పరీక్షలో మరిచిపోకూడని ఒక అంకె.

ఒకసారి చర్య వేగం గురించి చెబుతూ బోర్డు మీద డీఎక్స్ బై డీటీ అని రాశాను. ముందు వరుసలోని అమ్మాయి లేచి, "మేడమ్, పైన డీ ఉంది, కింద డీ ఉంది కదా, కొట్టేయకూడదా?" అని అడిగింది. కొందరు నవ్వారు. నవ్వాల్సిన ప్రశ్న కాదది. పదో తరగతి బీజగణితం వరకే చదివినవాళ్లు వేయాల్సిన ప్రశ్నే ఆ అమ్మాయి వేసింది. పైనా కిందా ఒకే గుర్తు ఉంటే కొట్టేయమని మనమే నేర్పాం. ఇక్కడ ఎందుకు కొట్టేయకూడదో నేర్పే ఏర్పాటు మాత్రం చేయలేదు. ఆ రోజు సిలబస్ పక్కన పెట్టి, మార్పు రేటు అంటే ఏమిటో సైకిలు వేగంతో మొదలుపెట్టి చెప్పాను. గంట గడిచేసరికి తరగతిలో సగం మందికి పైగా అవకలనం అంటే ఏమిటో పట్టేశారు. వీళ్లకు గణితం రాదని ఎవరైనా అంటే నాకు కోపం వచ్చేది అందుకే.

అసలు వీళ్లు బైపీసీలో ఎందుకు చేరారు? పదో తరగతి ఫలితాలు వచ్చేనాటికి పిల్లలకు పదిహేనేళ్లు ఉంటాయి. ఫలితాలకు ముందే కళాశాలల పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతుంటారు. డాక్టరా, ఇంజనీరా అన్నదొక్కటే ప్రశ్న. ఇంట్లో ఒకరు డాక్టరు కావాలని తాతగారికి ఉంటుంది, అన్నయ్య ఎంపీసీ తీసుకున్నాడు కాబట్టి చెల్లెలు బైపీసీ తీసుకుంటుంది. రెండేళ్లు నీట్ కోసం చదువుతుంది. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ కూడా అవుతుంది. రాసినవాళ్లలో కొద్దిమందికే ఎంబీబీఎస్ సీటు వస్తుంది. మిగతావాళ్లలో చాలామంది మా దగ్గరికి, ఊళ్లోని డిగ్రీ కళాశాలకు వస్తారు. ఆ సమయానికి ఆ అమ్మాయికి నిజంగా ఏది ఇష్టమో అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. భౌతికశాస్త్రం నచ్చి ఉండవచ్చు. ఇంటర్లో ఫిజిక్స్ పుస్తకం ఎంపీసీకీ బైపీసీకీ ఒకటే కదా. కానీ డిగ్రీలో ఫిజిక్స్ తీసుకుందామంటే గణితం లేదు కనుక కుదరదంటాం. పదిహేనేళ్ల వయసులో, చాలావరకు ఇంకొకరు తీసుకున్న నిర్ణయం అది. దాన్ని పద్దెనిమిదేళ్లకు మార్చుకునే వీలు లేకుండా చేసింది మన నిబంధనే.

సైన్సు గ్రూపులు చదివినవాళ్లు బీఏలోకి, బీకాంలోకి ఇబ్బంది లేకుండా వెళ్లవచ్చు. సైన్సులోకి రావడానికి, సైన్సులోనే ఒక శాఖ నుంచి ఇంకో శాఖలోకి మారడానికి దారి లేదు. లోపలి నుంచి బయటికి మాత్రమే తెరుచుకునే తలుపు ఇది. ఏటా బీఎస్సీ సీట్లు మిగిలిపోతున్నాయని, ఫిజిక్స్ కోర్సులు మూతపడుతున్నాయని మనమే బాధపడతాం. తలుపు అవతల నిలబడి అడుగుతున్నవాళ్లను మాత్రం లోపలికి రానివ్వం.

అలా రానిస్తే ప్రమాణాలు పడిపోతాయని అనేవారు ఒక్కసారి తిరుపతి వైపు చూడాలి. 2015లో అక్కడ భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ (ఐసర్) వచ్చింది. విజ్ఞానశాస్త్రంలో దేశంలోనే పేరున్న సంస్థల్లో ఐసర్లు ఉన్నాయి. వాటిలో డిగ్రీ, పీజీ కలిసిన బీఎస్-ఎంఎస్ కోర్సులో చేరాలంటే 12వ తరగతిలో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం అనే నాలుగింటిలో కనీసం మూడు చదివి ఉంటే చాలు. ప్రవేశ పరీక్షలో నాలుగింటికీ సమానంగా ప్రశ్నలు ఉంటాయి. అంటే బైపీసీ విద్యార్థికి కూడా చోటుంది. చేరాక మొదట్లో ఎవరు ఏ గ్రూపు నుంచి వచ్చారన్నదానితో సంబంధం లేకుండా అందరూ నాలుగు శాస్త్రాలూ చదువుతారు. ఆ తర్వాతే ఎవరికి నచ్చిన శాఖలోకి వారు వెళతారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కూడా 2011లో డిగ్రీ కోర్సు మొదలుపెట్టినప్పుడు ఇదే దారి పట్టింది. అక్కడ గణితం చదివి వచ్చినవారినే తీసుకుంటారు గానీ, వచ్చిన ప్రతివారూ మొదట జీవశాస్త్రం కూడా చదవాల్సిందే. దేశంలోని అత్యుత్తమ శాస్త్రవేత్తలు పాఠాలు చెప్పే చోట ఇది ప్రమాణాలను దిగజార్చలేదు. అదే తిరుపతిలో, అదే బైపీసీ మార్కుల పత్రంతో డిగ్రీలో ఫిజిక్స్ కావాలని అడిగే విద్యార్థికి మాత్రం మనం కాదంటున్నాం.

అంత దూరం కూడా వెళ్లనక్కర్లేదు. బీఫార్మసీ ఉంది. ఎంపీసీ వాళ్లూ బైపీసీ వాళ్లూ ఒకే తరగతిలో చేరతారు. మొదటి సెమిస్టర్‌లో బైపీసీ వాళ్లు రెమెడియల్ మ్యాథమెటిక్స్, ఎంపీసీ వాళ్లు రెమెడియల్ బయాలజీ చదువుతారు. దేశమంతటా ఫార్మసీ కౌన్సిల్ సిలబస్‌లో ఉన్నదే ఇది. తర్వాత అందరూ ఒకే డిగ్రీ చదువుతారు. బీటెక్ బయోటెక్నాలజీలో ఎంపీసీ వాళ్లకూ బైపీసీ వాళ్లకూ కూడా ఈఏపీసెట్ ద్వారా సీట్లు ఇస్తున్నాం. ఇంటర్ ఒకేషనల్ చదివినవాళ్లు పైచదువులకు వెళ్లేందుకు ఇంటర్ బోర్డే బ్రిడ్జి కోర్సు పరీక్షలు పెడుతోంది. ఇంజనీరింగులో కుదిరింది, ఫార్మసీలో కుదిరింది, ఒకేషనల్‌లో కుదిరింది. సైన్సు కోసమే పుట్టిన బీఎస్సీలో ఎందుకు కుదరదు?

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2025లో తెచ్చిన నిబంధనల్లో ఈ గోడ చాలావరకు తీసేసింది. 12వ తరగతిలో ఏ సబ్జెక్టులు చదివినా, జాతీయ స్థాయి లేదా విశ్వవిద్యాలయ స్థాయి ప్రవేశ పరీక్షలో అర్హత సాధిస్తే ఏ శాఖలోనైనా డిగ్రీలో చేరవచ్చని అందులో ఉంది. ఆ వార్త చదివి సంతోషించిన మా విద్యార్థులకు నేను చెప్పాల్సి వచ్చిన సంగతి మీకూ చెబుతాను. మన రెండు రాష్ట్రాల్లో సాధారణ డిగ్రీకి ప్రవేశ పరీక్షే లేదు. తెలంగాణలో 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ద్వారా, ఇంటర్ మార్కుల ఆధారంగానే సీట్లు కేటాయిస్తున్నాం. కాబట్టి మీరు పూనుకుని నియమం మార్చితే తప్ప, ఆ వెసులుబాటు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి కేంద్ర విశ్వవిద్యాలయాలకు వెళ్లగలిగినవారికే దక్కుతుంది. ఊళ్లో ఉండి, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడి, బస్సులో వచ్చి చదువుకుని సాయంత్రానికి ఇంటికి చేరాల్సిన అమ్మాయికి దక్కదు.

ఇంకోవైపు, పరీక్ష పాసైతే చాలు ఏ కోర్సైనా ఇస్తామనడంతోనే పని అయిపోదని కూడా నా అభిప్రాయం. తలుపు తీసి లోపలికి పంపి, మొదటి రోజే అవకలన సమీకరణాల ముందు కూర్చోబెడితే రెండో సెమిస్టర్‌కల్లా ఆ విద్యార్థి చదువు మానేస్తుంది. అప్పుడు అందరూ "మేం ముందే చెప్పాం" అంటారు. చేర్చుకోవడం ఎంత ముఖ్యమో నేర్పించడం అంతే ముఖ్యం. ఈ రెంటిలో ఏ ఒక్కటి మాత్రమే చేసినా అన్యాయమే అవుతుంది.

నేర్పించే అవకాశం ఒకసారి మన చేతికి వచ్చింది. 2023-24లో ఆంధ్రప్రదేశ్‌లో మూడు సబ్జెక్టుల పద్ధతి తీసేసి ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ తెచ్చినప్పుడు, మొదటి సెమిస్టర్‌లో మేజర్ సబ్జెక్టు మొదలుపెట్టకుండా ఉమ్మడి పరిచయ కోర్సులు పెట్టారు. ఆలోచన చాలా మంచిది. దాన్ని రెండు ముక్కలు చేశారు. భౌతిక శాస్త్రాల వైపు వెళ్లేవారికి గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల పరిచయం. జీవశాస్త్రాల వైపు వెళ్లేవారికి సంప్రదాయ జీవశాస్త్రం, అనువర్తిత జీవశాస్త్రాల పరిచయం. అంటే గణితం వచ్చినవాళ్లకు మళ్లీ గణితం, జీవశాస్త్రం వచ్చినవాళ్లకు మళ్లీ జీవశాస్త్రం. ఎవరికి ఏది లేదో అది ఇవ్వాల్సిన చోట, ఎవరికి ఏది ఉందో అదే మళ్లీ ఇచ్చాం. ఆ తర్వాత మేజర్లు ఒకటి ఉండాలా, రెండు ఉండాలా అన్న చర్చ చాలా జరిగింది. ఆ మొదటి సెమిస్టర్‌ను ఎలా వాడుకోవాలన్న చర్చ మాత్రం నాకు ఎక్కడా వినిపించలేదు.

ఈ గణితం ఫిజిక్స్ తీసుకునేవారికే అనుకోవద్దు. జీవశాస్త్రంలోనే ఉండిపోయేవారికి కూడా ఇది కావాలి. మెండెల్ బఠానీ మొక్కల లెక్క ప్రతి బైపీసీ విద్యార్థికీ కంఠతా వచ్చు. 3:1 అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మెండెల్‌కు వచ్చింది 5,474 గుండ్రటి గింజలు, 1,850 ముడతల గింజలు. భాగిస్తే 2.96. మరి దీన్ని 3 అని ఎలా అన్నారు? 2.8 వస్తే కూడా 3 అనవచ్చా? 2.5 వస్తే? ఎంత తేడా వరకు యాదృచ్ఛికం, ఎక్కడి నుంచి మన ఊహే తప్పు? ఈ ప్రశ్నకు జవాబు జీవశాస్త్రంలో దొరకదు, గణాంకశాస్త్రంలో దొరుకుతుంది. దానికి కావలసిన కై-స్క్వేర్ పరీక్షను కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చాడు. జన్యుశాస్త్రం చదివే మన విద్యార్థులు ఆ పరీక్షను కూడా ఫార్ములాగా బట్టీ పడుతున్నారు.

మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకున్న గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావు 1940లలో కేంబ్రిడ్జి వెళ్లి అక్కడి మ్యూజియంలో ఏం పని చేశారో మన పిల్లలకు చెప్పాలి. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో బయటపడిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలను విశ్లేషించారు. గణితం చదివినవాడు ఎముకల దగ్గరికి వెళ్లాడు. వెంకీ రామకృష్ణన్ బరోడాలో ఫిజిక్స్‌లో బీఎస్సీ చేసి, అమెరికాలో ఫిజిక్స్‌లోనే పీహెచ్‌డీ చేశారు. అప్పుడు జీవశాస్త్రం నేర్చుకోవాలనిపించి, మళ్లీ విద్యార్థిగా జీవశాస్త్ర విభాగంలో చేరారు. 2009లో, కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణంపై చేసిన పరిశోధనకు రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. పీహెచ్‌డీ పూర్తయ్యాక కూడా శాఖ మార్చుకోనిచ్చిన చదువులు ఉన్నాయి. మనం డిగ్రీ మొదటి ఏడాదిలోనే మార్చుకోనివ్వడం లేదు. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక చట్రంలో మొదటి ఏడాది తర్వాత మేజర్ మార్చుకునే వీలు ఉండాలని ఉంది. దాన్ని కూడా మన కళాశాలల్లో నిజంగా పనిచేసేలా చూడండి.

"గణితం వద్దనుకునే బైపీసీకి వచ్చారు, మళ్లీ వాళ్ల నెత్తిన ఎందుకు రుద్దుతారు?" అని సహోద్యోగులు కొందరు అడుగుతారు. కొందరి విషయంలో అది నిజమే. అందుకే ఆ కోర్సు ఎంపీసీ సిలబస్‌కు నకలు కాకూడదని నేనంటాను. కోనిక్స్, సంకీర్ణ సంఖ్యలు అక్కర్లేదు. ప్రమేయాలు, గ్రాఫులు, సరళరేఖ వాలు. ఘాతాలు, లాగరిథమ్‌లు, వాటి నుంచి పీహెచ్, అర్ధజీవిత కాలం. మార్పు రేటుగా అవకలనం, మొత్తంగా సమాకలనం. సంభావ్యత, సగటు, ప్రామాణిక విచలనం, కై-స్క్వేర్. ప్రతిదీ ల్యాబ్‌లో విద్యార్థులే తెచ్చుకున్న రీడింగులతో నేర్పవచ్చు. భయపడి గణితం వదిలినవాళ్లలో చాలామంది గణితానికి భయపడలేదు. ఒక్కో లెక్కకు ఇరవై స్టెప్పులు బట్టీ పట్టించిన పద్ధతికి భయపడ్డారు. భౌతికశాస్త్రం మేజర్ తీసుకునేవారికి ఇది ఒక సెమిస్టర్‌తో సరిపోదు. రెండో సెమిస్టర్‌లో దీనికి కొనసాగింపు ఉండాలి. సీఈసీ, హెచ్ఈసీ నుంచి వచ్చేవారికి ఇంకా ఎక్కువ సమయం, బహుశా పూర్తి ఏడాది పునాది కోర్సు కావాలి. దాన్ని వేరుగా ఆలోచించవచ్చు. బైపీసీ వాళ్ల సంగతి మాత్రం ఈ ఏడాదే చేయగలిగిన పని.

చెప్పేవాళ్లు ఎక్కడున్నారన్నది ఇంకో ప్రశ్న. నాకు తెలిసిన కళాశాలల్లో గణిత విభాగాలకు విద్యార్థులు తగ్గి, పనిగంటలు చాలక అధ్యాపకులు ఆందోళన పడుతున్నారు. వాళ్లకు ఇంతకంటే మంచి పని ఏముంటుంది? జీవశాస్త్ర విద్యార్థులతో నిండిన తరగతి దొరికితే వాళ్లూ సంతోషిస్తారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. దీన్ని వీడియో పాఠాలుగానో, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టే అదనపు క్లాసుగానో చేయవద్దు. నాలుగింటికి మా విద్యార్థుల్లో సగం మంది బస్టాండులో ఉంటారు. ఆ తర్వాత వాళ్ల ఊరికి బస్సు ఉండదు. క్రెడిట్లు ఇవ్వండి, పాస్ కావాలనండి. మార్కులను మాత్రం మొత్తం సీజీపీఏలో కలపకండి. ఇంటర్లో ఇదంతా చదివి వచ్చినవాళ్లతో పోటీ పెట్టి శిక్షించడానికి కాదు కదా ఈ కోర్సు.

మీరు మాత్రమే సరిచేయగలిగిన సంగతి ఇంకొకటుంది. పీజీ ప్రవేశాల్లోనూ, ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష)లో మెథడాలజీ, అంటే బోధించే సబ్జెక్టు, ఇవ్వడంలోనూ, డీఎస్సీ టీచరు పోస్టుల్లోనూ అర్హత చూసేది డిగ్రీలో చదివిన సబ్జెక్టులనే. బ్రిడ్జి కోర్సుతో ఫిజిక్స్ మేజర్ పూర్తిచేసిన అమ్మాయిని రేపు ఎమ్మెస్సీ కౌన్సెలింగులో కూర్చోబెట్టి, "ఇంటర్లో గణితం లేదు, అర్హత లేదు" అనకూడదు. కోర్సులు, సబ్జెక్టులు, వాటి పేర్లు మారిన ప్రతిసారీ ఈ గండం విద్యార్థుల మీదికే వస్తోంది. కొత్త నియమం ఇచ్చే జీవోలోనే విశ్వవిద్యాలయాలతో, పాఠశాల విద్యాశాఖతో మాట్లాడి తత్సమానత, అంటే ఈ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమేనన్నది, స్పష్టంగా రాయించండి. అది రాయకుండా చేర్చుకోవడం కంటే చేర్చుకోకపోవడమే నయం.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ బోర్డు 2025-26 నుంచి గణితం, జీవశాస్త్రం రెండూ చదివే ఎంబైపీసీకి వీలు కల్పించింది. పిల్లలకు ఆ కోరిక ఉందని ఇంటర్ బోర్డు గుర్తించినట్టే కదా. అయితే అది ముందుముందు వచ్చే పిల్లలకు పనికొస్తుంది. ఇప్పటికే బైపీసీ పూర్తిచేసి, నీట్ ఫలితం చూసుకుని, మా కళాశాల గేటు దగ్గర దరఖాస్తు ఎలా పెట్టాలని అడుగుతున్నవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంటర్ ఫలితాల తర్వాత డిగ్రీ నోటిఫికేషన్ రావడానికి ఎక్కువ సమయం ఉండదు. నోటిఫికేషన్‌లో అర్హతల పట్టిక అచ్చయిపోయాక ఏ అధికారీ దాన్ని మార్చలేడు. అందుకే వచ్చే ప్రవేశాల పట్టిక తయారయ్యేలోపే ఈ విషయాన్ని సిలబస్ కమిటీ ముందు పెట్టమని కోరుతున్నాను. మొదటి సెమిస్టర్ గణితం కోర్సుకు యూనిట్ల వారీగా ముసాయిదా సిలబస్, ప్రతి యూనిట్‌కూ ల్యాబ్ రీడింగులతో అభ్యాసాలు మా గణిత విభాగం మిత్రులతో కలిసి తయారు చేస్తున్నాం. కమిటీ అడిగిన రోజున తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర అధ్యాపకురాలు